కొండ పొదపిగిలి: పేరు, దాని ముప్పుకో మాట

ప్రశ్న: హార్సిలీ కొండల్లో కనబడే పసుపు గొంతు బుల్బుల్‌ని తెలుగులో ఏమనాలండీ? పికిలిపిట్ట అంటే సరిపోదా?

జవాబు: సరిపోదండీ. కొత్తగా కట్టనక్కర్లేదు కూడా. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1860లలో అచ్చువేసిన పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు ఎక్కించాడు. తోక కింద ఎరుపున్నది పిగిలిపిట్ట, తెల్ల కనుబొమ ఉన్నది పొదపిగిలి, పసుపు గొంతుది కొండ పొదపిగిలి. ఎంత పొందికైన పేర్లో చూడండి, పిట్ట ఎక్కడ దొరుకుతుందో పేరే చెబుతుంది. (పికిలి, పిగిలి రెండూ వాడుకే.)

గుర్తుపట్టడం: పికిలి, కొండ పొదపిగిలి రెండూ సుమారు 20 సెంటీమీటర్లే. పికిలికి నల్ల తల, చిన్న జుట్టు. ఎగిరితే తోక మొదట్లో తెల్లగా కనబడుతుంది. కొండదానికి జుట్టుండదు, తల, గొంతు, తోక కింద పసుపు, పొట్ట బూడిద రంగు. అసలు పొరబడేది పొదపిగిలితో. కూతా దగ్గరగా ఉంటుంది, కాబట్టి విని రాసుకోవద్దు. తెల్ల కనుబొమ కనబడిందా, అది కొండది కాదు.

ఇంకొకరు: ఏ పిట్టకి ఎంత ముప్పుందో ఆ స్థితి కూడా చెప్పాలి. పికిలికి బెంగ లేదు. తోటల్లో, పెరళ్లలో బతికేస్తుంది. హవాయి, ఫిజీల్లో అయితే బయటినుంచి వచ్చి పంటకు చేటు చేసే పిట్ట. కొండ పొదపిగిలి దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా లేదు. దానికి బండరాళ్లూ ముళ్లపొదలూ కలిసిన కొండవాలు కావాలి. గ్రానైట్ క్వారీ ఆ రెంటినీ ఒకేసారి తీసుకుపోతుంది, మళ్లీ మొక్కలు నాటినా బండ తిరిగి రాదు. జీవజాతులకున్న ముప్పును మెట్లుగా లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ‘వల్నరబుల్’ మెట్టులో పెట్టింది. దాన్ని ‘ముప్పు వాకిట’ అందామా?

జవాబు: వాకిట అంటే ఇంకా లోపలికి రానట్టే కదండీ! అది దాని కింది మెట్టు ‘నియర్ త్రెటెన్డ్’కి అతుకుతుంది. వల్నరబుల్‌కి ‘ముప్పులో పడ్డ’ అనండి. పత్రికలు అన్నింటికీ వాడేసే ‘అంతరించిపోతున్న’ని వల్నరబుల్ పైనున్న ఎండేంజర్డ్‌కే ఉంచి, ఆ పై మెట్టు ‘క్రిటికల్లీ ఎండేంజర్డ్’కి ‘అంతరించే అంచున’ అందాం. లేకపోతే మెట్టు మారిందన్న వార్త తెలుగులో రాయడానికి మాటే మిగలదు.

రాసేటప్పుడు ‘కొండ’ విడిగా, ‘పొదపిగిలి’ కలిపి రాయండి. మొత్తం కలిపేస్తే చదివేవాళ్లు ‘కొండపొద’ దగ్గర విరుస్తారు, పొదపిగిలితో చుట్టరికం మరుగున పడుతుంది.