రికార్డర్‌లో ఆడే డీవీడీ-ఆర్‌డబ్ల్యూ, కంప్యూటర్‌లో ఖాళీ అంటోంది. ఫైల్స్ తీసేదెలా?

టీవీకి కలిపే డీవీడీ రికార్డర్‌లో, వీడియో మోడ్‌లో రికార్డ్ చేసిన 4.7 జీబీ తిరగరాయగల డిస్క్ ఇది. విండోస్ 10లో పెడితే ఖాళీ డిస్క్ అనుకుని ఫార్మాట్ చేయమంటోంది. ఓకే కొడితే ఉన్నదీ పోతుంది కాబట్టి క్యాన్సిల్ చేశాను. వెలుతురులో అడుగువైపు చూస్తే, మధ్య నుంచి సగం దాకా రంగు తేడా స్పష్టంగా ఉంది. అంటే డేటా ఉన్నట్టే. ఇదే డ్రైవ్ వేరే ఆర్‌డబ్ల్యూలు చదువుతోంది, లెన్స్ మీద అనుమానం లేదు.

ఫైనలైజ్ (వేరే పరికరాలు కూడా చదివేలా డిస్క్‌ను సిద్ధం చేసే చివరి దశ) కాకపోవడమే కారణం అనిపిస్తోంది: అది జరగకపోతే విండోస్‌కి వీడియో ఫైల్స్ ఉండే వీడియో టీఎస్ ఫోల్డర్ కనబడదు. చిక్కల్లా, రికార్డర్‌లో ప్లే పనిచేస్తోంది గానీ ఫైనలైజ్ నొక్కితే సగంలో ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. మళ్లీ మళ్లీ నొక్కడం ప్రమాదమేమో.

వేరే కంపెనీ రికార్డర్‌లో ఫైనలైజ్ చేయొచ్చా? లేక ఐసోబస్టర్ అనే డేటా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో నేరుగా వీఓబీ (డీవీడీ వీడియో) ఫైల్స్ లాగడమే మేలా?