ఉప్పెన తర్వాత మనసును పరాయి ప్రశ్నలతో కొలవొచ్చా?

తీరరేఖ: 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పీటీఎస్‌డీ (ఘోర ఘటన తర్వాత భయం, పీడకలలు వదలని రుగ్మత) అనే పేరే లేదు. ప్రధానంగా వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్ని చూసి 1980లో అమెరికా వైద్యులు దాన్ని మానసిక రుగ్మతల జాబితాకెక్కించారు. ఆ చట్రంలోదే దాని లక్షణాల్ని కొలిచే పీసీఎల్-5 ప్రశ్నావళి: 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. దీన్ని తెలుగు చేసి మత్స్యకార పల్లెల్లో అడిగితే లెక్క తప్పుతుందని నా వాదన. "ఆ ఘటనను గుర్తుచేసే చోట్లకు దూరంగా ఉంటున్నారా?" అని ఏప్రిల్ 15 – జూన్ 14 మధ్య అడిగి చూడండి. వేట నిషేధం కాబట్టి అందరూ దూరంగానే ఉంటారు. భయంతో వణుకుతూనే కడుపు కోసం పడవెక్కేవాడికేమో సున్నా పడుతుంది.

కొలబద్ద: అది అడగడంలో లోపమండీ, కొలతది కాదు. "పోయే వీల్లేకనా, పోబుద్ధి కాకనా?" అని ఇంకో మాట అడిగితే తేలిపోతుంది. 2004 సునామీ తర్వాత నాగపట్నంలోనూ శ్రీలంకలోనూ పీడకలలు, ఉలికిపాటు కనిపించాయి కదా. అంకె లేకపోతే పల్లెకు మానసిక వైద్యుణ్ణి పంపమని ఏ ఆధారంతో అడుగుతాం?

ఉప్పుగాలి: జనం వాడే మాట ఇద్దరి దగ్గరా లేదు. పిల్లాడు నిద్రలో ఉలిక్కిపడితే "జడుసుకున్నాడు" అని తాయెత్తు కట్టిస్తారు. పెద్దవాళ్ళు గుండెదడ, ఒళ్ళు మంటలు, కాళ్ళ పీకులు అంటూ ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళి సెలైన్ ఎక్కించుకుంటారు. దిగులు అక్కడే దాక్కుంటుంది. కాబట్టి ముందు ఓ ఇరవైమందిని "ఉప్పెన తర్వాత మనూళ్ళో ఎవరికేం ఇబ్బందులొచ్చాయి?" అని అడిగి, పదేపదే వచ్చే మాటల్ని ప్రశ్నల్లోకి తీసుకోవాలి. అర్థం మారిందేమో తెలియడానికి, మూలం చూడనివాళ్ళతో ఆ తెలుగు ప్రశ్నల్ని తిరిగి ఇంగ్లీషు చేయించాలి. తర్వాత పల్లెలో కొందరిని "ఇది మీకేమని అర్థమైంది?" అని అడగాలి. పీసీఎల్-5 మొత్తం మార్కులు 31–33కి చేరితే పీటీఎస్‌డీ ఉండొచ్చనే గీత కూడా అమెరికా మాజీ సైనికుల నుంచి వచ్చిందే. ఇక్కడ వైద్యుడు విడిగా మాట్లాడి తేల్చినదానితో పోల్చకుండా ఆ గీత వాడకూడదు.

తీరరేఖ: శవం దొరకని ఇల్లు మాటేమిటి? పెద్దకర్మ జరగదు. ఏడేళ్ళు కనిపించకపోతేనే చనిపోయినట్టు చట్టం భావిస్తుంది, ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ఇస్తే తప్ప మరణపత్రం రాదు. ఆ ఇంటి భార్య ఇంకా భర్తకి అన్నం తీసిపెడుతుంటే రోగమందామా? దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మనకుంది. ఆ క్రతువుకూ ఆ కాగితానికీ సాయపడటమే ముందు వైద్యం.

కొలబద్ద: ఇది ఒప్పుకుంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11 కూడా దుఃఖం ఆరు నెలలు దాటి, ఆ సమాజపు ఆచారాన్ని మించిపోతేనే రుగ్మత అంటుంది. కానీ దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో తొమ్మిదోది చావు ఆలోచన గురించిన ప్రశ్న. దానికి "అవును" అన్న మనిషి విషయంలో క్రతువు అయ్యేదాకా ఆగొద్దు. ఒంటరిగా వదలకండి, పురుగుమందు ఇంట్లోంచి తీసేయించండి, ఆ పూటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ కలిపి ఆ మనిషి చేతికివ్వండి.