ఖ్మేర్ వాళ్లకు ‘గెట్’ చెప్పేటప్పుడు ‘బాన్’ వాడాలా, వద్దా?

మెకాంగ్‌తీరం:
కంబోడియా రాజధాని ఫ్నోంపెన్‌లో సాయంత్రం బ్యాచ్‌లకు ఇంగ్లీష్ చెబుతున్నాను. ఎక్కువమంది హోటల్ ఉద్యోగాల కోసం వచ్చేవాళ్లు. ‘గెట్’ దగ్గరే ఇబ్బంది. గెట్ ద కీ అంటే తాళం తీసుకురా. గెట్ ఎ జాబ్ అంటే ఉద్యోగం దొరకడం. గెట్ టు సియెమ్ రీప్ అంటే ఆ ఊరు చేరుకోవడం. ఐ గెట్ ఇట్ అంటే అర్థమైంది. ఇక్కడివాళ్ల భాష ఖ్మేర్‌లో ‘బాన్’ అంటే పొందడం, దక్కడం. నేను దాంతో మొదలుపెట్టి మిగతావి చెబుతాను. తోటి టీచర్ ఒకరు ఇది తప్పంటున్నారు. మీరేమంటారు?

వ్యాకరణాభిమాని:
తప్పేనండీ. బాన్ క్రియకు ముందు వస్తే ఒకటి, వెనక వస్తే ఇంకొకటి. ‘ఖ్ఞొమ్ బాన్ తౌ’ అంటే నేను వెళ్లాను. ‘ఖ్ఞొమ్ తౌ బాన్’ అంటే వెళ్లగలను. గెట్ అంటే బాన్ అని చెప్పారనుకోండి, మర్నాడే ‘ఐ గెట్ గో మార్కెట్’ అని రాస్తారు. నా క్లాసులో రాశారు కూడా.

గోదారిగట్టు:
మన ‘వచ్చు’ కూడా అంతేగా. ఈత వచ్చు, వెళ్లవచ్చు. రెండిట్లోనూ ‘రావడం’ అనే అర్థం లేదు.

మెకాంగ్‌తీరం:
‘బాన్ తౌ’ అంటే ఉత్త భూతకాలం కాదండీ. ఖ్మేర్‌లో క్రియ రూపం మారదు, ‘నిన్న’ అని ఉంటే చాలు, జరిగిపోయిందని తెలుస్తుంది. క్రియకు ముందు బాన్ చేర్చితే వెళ్లడం కుదిరింది, అవకాశం దక్కింది అనే ఛాయ వస్తుంది. ఇంగ్లీష్‌లో ‘ఐ గాట్ టు గో’ అన్నా అదేగా!

వ్యాకరణాభిమాని:
మరి ‘ఐయామ్ గెటింగ్ హంగ్రీ’లో బాన్ ఎక్కడుంది? వాళ్లు ‘ఖ్లియన్ హొయ్’ అంటారు, ఆకలి మొదలైపోయింది అన్నట్టు. దీనికి జవాబు చెప్పండి.

మెకాంగ్‌తీరం:
అక్కడ బాన్ ఉందని నేనెప్పుడన్నాను? గెట్ తర్వాత ఏముందో చూడమంటాను. వస్తువు ఉంటే దక్కడమో తేవడమో, చోటు ఉంటే చేరడం, ఆకలీ కోపమూ చీకటీ లాంటివి ఉంటే ఆ స్థితికి మారడం. బాన్ మొదటి మెట్టుకే.

వ్యాకరణాభిమాని:
ఆకలి ప్రశ్న దాటేశారు. క్లాసులో ఖ్మేర్ వినబడితే ఇంగ్లీష్ మీద చెవి పెట్టరు. ఫీజు కట్టింది ఇంగ్లీష్ కోసం.

సీమచినుకు:
గెట్ ఆన్, గెట్ ఆఫ్ ఎలా చెబుతారు? మా బ్యాచ్‌లో రోజూ తికమకే.

మెకాంగ్‌తీరం:
వ్యాకరణాభిమాని గారూ, మీకు ఖ్మేర్ రాదు. అందుకే వద్దంటున్నారు. నేను ఇంతకుముందు చేసిన స్కూల్లో నా పక్కన ఖ్మేర్ టీచరమ్మ ఉండేవారు. నేను బోర్డు మీద రాసిపోతే, పిల్లలకు తలకెక్కేలా చెప్పింది ఆవిడే. ఆవిడ ‘అసిస్టెంట్’, జీతం నాకంటే బాగా తక్కువ. పైగా క్లాసులో ఖ్మేర్ మాట్లాడినందుకు ఆవిడకే చీవాట్లు.

వ్యాకరణాభిమాని:
అవును, రాదు. నన్ను ఇంటర్వ్యూలో పాస్‌పోర్ట్ చూసి, ‘మీ దేశపు యాస పిల్లలకు వద్దు’ అని పంపేశారు. వేరేచోట అందులో సగం జీతానికి చేరాను. తెల్లవాళ్లను ఖ్మేర్ వచ్చా అని ఎవరూ అడగరు. ఖ్మేర్ వచ్చి తీరాలనే షరతు వస్తే ముందు పోయేది నాలాంటివాళ్ల ఉద్యోగమే. మీకు ఇక్కడే ఉండిపోయే వీలుంది, భాష నేర్చుకున్నారు. నాకు ఏడాది కాంట్రాక్టు, ఇంటికి డబ్బు పంపాలి.

గోదారిగట్టు:
ఇంటర్వ్యూలో అలా అన్నారంటే బాధగా ఉందండీ.

మెకాంగ్‌తీరం:
మీ ఉద్యోగం పోవాలని నేను కోరుకోను. మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ అన్యాయానికి పరిహారం ఆవిడ జీతంలోంచి రాకూడదు. పిల్లల భాష తెలిసిన మనిషిని మూల కూర్చోబెట్టడం నేను ఒప్పుకోను.

సీమచినుకు గారూ, ఎక్కడానికీ దిగడానికీ ఖ్మేర్‌లో వేర్వేరు క్రియలున్నాయి, అక్కడ గెట్‌ని విడదీసి చెప్పనే వద్దు. బస్సు బొమ్మ గీసి ఆన్, ఆఫ్ మాటలనే ఒత్తి పలికించండి. బాన్ ఊసెత్తకండి.

వ్యాకరణాభిమాని:
చూశారా, ఇక్కడ మీరే వద్దంటున్నారు.