పెన్ను ఇంకులో వాడే కెమికల్‌కు ఇన్ని కాగితాలెందుకు?

కొత్తగుమాస్తా:
కెమికల్స్ ఎగుమతి చేసే కంపెనీలో డాక్యుమెంటేషన్ పనిలో చేరి నాలుగు నెలలైంది. థయోడైగ్లైకాల్ నలభై డ్రమ్ములకు విదేశం నుంచి ఆర్డర్ వచ్చింది, అడ్వాన్స్ కూడా పడింది. మా మేనేజర్ మాత్రం సరుకు కదలనివ్వడం లేదు. ఎండ్ యూజ్ సర్టిఫికెట్‌లో, అంటే సరుకును చివరికి దేనికి వాడతారో కొనేవాళ్లు రాసిచ్చే పత్రంలో, "పారిశ్రామిక అవసరాలకు" అని రాస్తే చాలదట. కొనేవాళ్లు రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. పెన్నుల ఇంకులో, బట్టల అద్దకంలో వాడే ద్రవానికీ రసాయన ఆయుధాలకూ సంబంధం ఏమిటి?

పాతఫైలు:
మీ మేనేజర్ చేస్తున్నది సరైన పనే. ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

మస్టర్డ్ గ్యాస్ అనే రసాయన ఆయుధాన్ని థయోడైగ్లైకాల్ నుంచి తయారు చేయవచ్చు. 1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంలో అది రెండో షెడ్యూల్‌లో, అంటే నిఘా ఉంచాల్సిన రసాయనాల రెండో జాబితాలో, ఉన్నది అందుకే. ఒప్పందంలో చేరని దేశాలకు దాన్ని పంపనే కూడదు. మస్టర్డ్ ఒంటికి తగిలిన క్షణంలో పెద్దగా ఏమీ తెలియదు. గంటలు గడిచాక కళ్లు మండుతాయి, చర్మం బొబ్బలెక్కుతుంది, ఊపిరి అందదు. విరుగుడు లేదు.

1988 మార్చి 16న సద్దాం హుస్సేన్ సైన్యం ఇరాక్‌లోని హలబ్జా పట్టణం మీద విషవాయువులు వదిలితే వేల మంది కుర్దులు చనిపోయారు. సద్దాం ప్రభుత్వానికి వెయ్యి టన్నులకు పైగా థయోడైగ్లైకాల్ సమకూర్చింది ఫ్రాన్స్ వాన్ అన్రాట్ అనే నెదర్లాండ్స్ వ్యాపారి. అతను బాంబు ముట్టుకోలేదు. ఒకచోట కొన్నాడు, ఇంకోచోట అమ్మాడు, అంతే. 2005లో హేగ్ కోర్టు అతన్ని యుద్ధ నేరాల్లో భాగస్వామిగా తేల్చి 15 ఏళ్ల జైలుశిక్ష వేసింది. అప్పీలుకు వెళితే 17 అయింది. ఆ కేసు గురించి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ డ్రమ్ములకు కూడా ఎవరో నాలాంటివాళ్లే ఇన్‌వాయిస్ కొట్టి ఉంటారు కదా.

నాకూ ఒకసారి ఇలాంటి ఆర్డర్ వచ్చింది. అద్దకానికి అన్నారు. డెలివరీ అడ్రస్ చూస్తే ఒక ట్రాన్స్‌పోర్ట్ గోదాం. ఏ రంగు అద్దుతారు, నెలకు ఎన్ని కిలోలు పడుతుంది, ఫ్యాక్టరీ ఎక్కడ అని మూడే మూడు ప్రశ్నలు పంపాను. అద్దకం చేసేవాడు వీటికి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వాళ్ల నుంచి జవాబు రాలేదు, రేటు పెంచుతామని మాత్రం మెయిల్ వచ్చింది. ఆర్డర్ రద్దు చేశాం. వాళ్లు ఆయుధాలు చేసేవాళ్లని నేను అనను. కానీ తెలియకుండా పంపలేను.

రాత్రిపాళి:
మీరు డ్రమ్ములు లెక్కపెడుతున్నారు సరే, పెద్ద దేశాల దగ్గర వేల అణుబాంబులున్నాయి. వాటినెవరు అడుగుతారు?

పాతఫైలు:
ఆ కోపం నాకూ ఉంది. 1970లో అమల్లోకి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చిస్తామని ఒప్పుకున్నవాళ్లు మాట నిలబెట్టుకోలేదు. జీవాయుధాల ఒప్పందానికైతే తనిఖీ వ్యవస్థే లేదు. కానీ రసాయన ఆయుధాల సంగతి చూడండి. సభ్య దేశాలు ఒప్పుకుని చూపించిన నిల్వలు 72,000 టన్నులకు పైగా. చివరి భాగాన్ని అమెరికా 2023 జూలైలో నాశనం చేసింది. అంతర్జాతీయ ఇన్‌స్పెక్టర్లు దగ్గరుండి లెక్క చూసుకున్నారు. ఆ పని ముగియడానికి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు మిగిలింది కొత్తవి పుట్టకుండా చూడటం. అది చాలావరకు ఫ్యాక్టరీ రిజిస్టర్ల దగ్గర, మనలాంటివాళ్ల టేబుళ్ల దగ్గర తేలాల్సిందే.

కొత్తగుమాస్తా:
ఇప్పుడే ఫైలు మళ్లీ తీశాను. కొనేవాళ్ల అడ్రస్ ఏదో ఆఫీసు కాంప్లెక్స్‌లో ఐదో అంతస్తు. ఫ్యాక్టరీ పేరు ఏ కాగితంలోనూ లేదు. మీ మూడు ప్రశ్నలు మెయిల్ పెట్టాను, మేనేజర్‌కు కూడా కాపీ వేశాను. వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే రాతపూర్వకంగానే జవాబు పంపమంటాను.