లేజర్ కొట్టిన స్టీల్ మీద నీటి చుక్క నిలవడం లేదు, పవర్ పెంచాలా?

ఎంటెక్_చివరి_ఏడు:
ప్రాజెక్టు కోసం 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్కల మీద ఫెమ్టోసెకండ్ లేజర్‌తో టెక్స్చర్ చేస్తున్నాను, అంటే ఉపరితలాన్ని సన్నగా గరుకు చేస్తున్నాను. తరంగదైర్ఘ్యం 1030 నానోమీటర్లు, ఒక్కో పల్స్ 300 ఫెమ్టోసెకండ్లు (ఫెమ్టోసెకండ్ అంటే పికోసెకండులో వెయ్యో వంతు, పికోసెకండ్ అంటే సెకనులో లక్ష కోట్లో వంతు). తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుందని పేపర్లలో చదివి చుక్క వేస్తే, వేసీ వేయగానే ముక్కంతా పాకిపోయింది. మామూలు స్టీలే నయం. ఇంకోటి, ట్యూబ్‌లైట్ కింద ముక్కను వంచితే నీలం, ఆకుపచ్చ మెరుస్తున్నాయి, పక్కకు తిప్పితే పోతున్నాయి. ఆక్సైడ్ పట్టిందా? త్వరలో రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది.

డార్క్‌రూమ్:
పవర్ జోలికి పోకు తమ్ముడూ. ఆక్సైడ్ రంగైతే ముక్కను తిప్పినంత మాత్రాన పోదు. తిప్పితే పోతోందంటే సన్నటి గీతలు వరుసగా పడ్డాయన్నమాట. సెమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) చూడు, గీతకూ గీతకూ మధ్య దూరం 1030 కన్నా కాస్త తక్కువే ఉంటుంది. అవి నువ్వు గీసినవి కావు. పైనుంచి పడే కాంతీ, లోహం ఉపరితలం వెంట పాకే తరంగమూ కలిసి ఒకచోట ఎక్కువ శక్తి, పక్కనే తక్కువ శక్తి దింపుతాయి. ఎక్కువ పడ్డచోట లోహం లేచిపోతుంది. ఇలాంటి గీతల్ని బర్న్‌బామ్ అనే పరిశోధకుడు 1965లోనే రూబీ లేజర్ కొట్టిన సెమీకండక్టర్ల మీద చూశాడు.

ఇక నీళ్ల సంగతి. కొత్తగా కొట్టిన ఉపరితలం నీటిని లాక్కుంటుంది, గరుకుదైతే ఇంకా ఎక్కువ. గాల్లోని సేంద్రియ ఆవిర్లు రోజుల తరబడి అంటుకున్నాకే నీటిని తోసేయడం మొదలెడుతుంది. ఆగలేకపోతే 100 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు పెట్టు.

ఎంటెక్_చివరి_ఏడు:
థాంక్స్ అన్నా. కొలిచే ముందు ప్రతిసారీ అసిటోన్‌లో సోనికేట్ చేయమని (అల్ట్రాసౌండ్‌తో కడగమని) ల్యాబ్‌లో చెప్పారు. చెయ్యొచ్చా?

డార్క్‌రూమ్:
లేజర్ కొట్టిన వెంటనే ఒకసారి, దుమ్ము పోవడానికి. ఆ తర్వాత వద్దు. నీకు కావాల్సిన పొరనే నువ్వు కడిగేసుకుంటే ఎలా?

గచ్చిబౌలి_ఫోటాన్:
వేడి గురించి ఒక మాట. 300 ఫెమ్టోసెకండ్లలో కాంతి వెళ్లేది 0.09 మిల్లీమీటర్లే. ఎలక్ట్రాన్లు తాము మింగిన శక్తిని పరమాణువులకు అప్పజెప్పడానికి పికోసెకండ్లు పడుతుంది, అప్పటికి పల్స్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. చుట్టుపక్కల పెద్దగా కరగకపోవడానికి కారణం అదే. రిపిటిషన్ రేటు (సెకనుకు పడే పల్సుల సంఖ్య) మెగాహెర్ట్జ్‌ల్లోకి తీసుకెళ్తే మాత్రం వేడి పోగుపడి గీతలు చెదిరిపోతాయి. అన్నట్టు మా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇలా గరుకు చేసిన లోహాల మీదే రామన్ సిగ్నల్ (పదార్థాన్ని గుర్తుపట్టించే చెదిరిన కాంతి) పెంచి పేలుడు పదార్థాల ఆనవాళ్లు పడుతున్నారు. నీటి చుక్క ఒక్కటే దీనికి ఉపయోగం కాదు.

డార్క్‌రూమ్:
రివ్యూకి చూపించడానికి ఏదైనా కావాలంటే, హాఫ్‌వేవ్ ప్లేట్ (పోలరైజేషన్‌ను, అంటే కాంతి తరంగం ఊగే దిశను, తిప్పే పలక) 45 డిగ్రీలు తిప్పి ఇంకో ముక్క కొట్టు. పోలరైజేషన్ 90 డిగ్రీలు తిరుగుతుంది. లోహాల మీద ఇలాంటి గీతలు మామూలుగా దానికి అడ్డంగానే పడతాయి కాబట్టి అవీ తిరుగుతాయి. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి వంచితే ఒకటి మెరుస్తుంది, ఇంకోటి మసగ్గా ఉంటుంది. అంచులు పట్టుకునే తీయి, వేలిజిడ్డు అంటితే మళ్లీ మొదటికొస్తావు.