మెడనొప్పికి ఆస్టియోపతీ: ఎవరికైనా నిజంగా పనిచేసిందా?

మెడలోముల్లు
మూడు వారాలైంది, మెడ కుడివైపు పట్టేసి. కారు వెనక్కి తీయాలంటే తల తిరగదు, నడుం దగ్గర్నుంచి ఒళ్లంతా తిప్పాల్సి వస్తోంది. నొప్పి రెక్క ఎముక లోపలి అంచుకి దిగుతుంది. ఒక్కోసారి జబ్బ మీదుగా బొటనవేలి దాకా చీమలు పాకినట్టుంటుంది. కుడి చెయ్యి ఎత్తి నెత్తిన పెట్టుకుంటే ఎందుకో హాయి, ఇంట్లోవాళ్లు చూసి నవ్వుతున్నారు. ఫ్రెండ్ ఒకడు ఆస్టియోపతీకి వెళ్లమంటున్నాడు, కండరాలూ కీళ్లూ చేతులతో నొక్కి, సాగదీసి చేసే వైద్యమట. ఎన్నిసార్లు వెళ్లాలి? మెడ విరుస్తారట, అది లేకుండా చేస్తారా? తలగడ ఎంత ఎత్తు ఉండాలి?

పాతనొప్పి
వెళ్లండి, కళ్లు మూసుకుని వెళ్లండి. నాది పదకొండేళ్ల నొప్పి. మొదటి రోజు ఆస్టియోపతీ చేసే ఆయన నా మెడ దాదాపు ముట్టుకోనే లేదు. నిద్ర ఎలా ఉంటుంది, ఏ పని చేస్తారు, పాత దెబ్బలేమైనా ఉన్నాయా అని అడిగి అడిగి, తర్వాత వీపు పైభాగం, పక్కటెముకలు నొక్కడం మొదలుపెట్టాడు. నొప్పి మెడలో ఉంటే పక్కటెముకలతో ఏం పని అని నాకు ఒళ్లు మండింది. తర్వాత చెప్పాడు, వీపు పైభాగం బిగుసుకుపోతే తిరగాల్సిన భారమంతా మెడ మీదే పడుతుందని. ఆపైన "తలని నా చేతికేసి మెల్లగా నెట్టండి, ఇంకా మెల్లగా, ఇప్పుడు వదిలేయండి" అంటూ నాలుగైదు సార్లు చేయించాడు. వదిలిన ప్రతిసారీ తల ఇంకొంచెం తిరిగింది. నాలుగు సిట్టింగులు పట్టింది.

రాత్రిడ్యూటీ
వెళ్లకండి. నాకు ఒకాయన చెప్పాపెట్టకుండా తల పట్టుకుని టక్‌మనిపించాడు. రెండు రోజులు మంచం దిగితే గది గిర్రున తిరిగింది. నొప్పి మాత్రం ఎక్కడిది అక్కడే.

హస్తవాసి
చేయడం రానివాడి దగ్గరికి వెళ్తే అంతే. 22 ఏళ్లుగా ఈ చేతులతో ఎన్ని మెడలు సరిచేశానో లెక్క లేదు. టక్ అనే శబ్దం వచ్చిందంటే పక్కకి జరిగిన పూస తిరిగి తన చోట్లో కూర్చుందని అర్థం. శబ్దం రాకపోతే వైద్యం అవనట్టే.

నిజంచెప్తా
హస్తవాసి గారూ, మీ అనుభవానికి దణ్ణం. కానీ పూస నిజంగా పక్కకి జరిగితే ఆ మనిషి మీ దగ్గరికి నడిచి రాడు, స్ట్రెచర్ మీద వెళ్తాడు. ఆ శబ్దం కీలు లోపలి ద్రవంలో వాయువు బుడగది. కీలు ఒక్కసారిగా సాగితే లోపల ఒత్తిడి పడిపోయి బుడగ ఏర్పడుతుంది. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. అందుకే విరిచిన వేలు వెంటనే మళ్లీ విరిస్తే శబ్దం రాదు, కాసేపు ఆగాలి. పూస "కూర్చుంటే" శబ్దం ఒకసారి వచ్చి ఊరుకోవాలి కదా, ప్రతి వారం ఎందుకు వస్తోంది?

సందేహాలరావు
బుడగ పగిలితే కదా శబ్దం వచ్చేది? ఏర్పడితే ఎలా వస్తుంది?

నిజంచెప్తా
1971లో చేసిన ప్రయోగం తర్వాత చాలాకాలం పగలడమే అనుకున్నారు. 2015లో వేలిని లాగుతూ ఎమ్మారైలో చూస్తే, శబ్దం వచ్చిన క్షణంలో కీలు మధ్య ఖాళీ ఏర్పడటం కనపడింది. దాని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పూస జరిగి కూర్చోవడం మాత్రం ఆ వాదనలో ఎక్కడా లేదు.

హస్తవాసి
గట్టు మీద కూర్చుని ఈత పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. మీరు జన్మలో ఒక్క మెడైనా పట్టుకున్నారా?

నిజంచెప్తా
నా మెడ పట్టుకున్నాను సార్, మీబోటివాళ్లు వదిలాక.

చిన్నమ్మిగారబ్బాయి
మెటికల మాటొచ్చింది కాబట్టి... ఎక్కువ విరిస్తే ముసలితనంలో కీళ్లవాతం వస్తుందని మా పెద్దమ్మ చేతుల మీద కొట్టేది. నిజమేనా?

సందేహాలరావు
దీనికి మాత్రం నా దగ్గర జవాబుంది! డొనాల్డ్ అంగర్ అని ఒక అమెరికా డాక్టరు, 60 ఏళ్లకు పైగా ఎడమచేతి మెటికలు మాత్రమే విరుచుకుని, కుడిచెయ్యి వదిలేశాడు. చివరికి చూసుకుంటే రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదు. 2009లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. మీ పెద్దమ్మకి చెప్పండి.

కుట్టుపని
మెషిన్ మీద రోజుకి పది గంటలు తల వంచే పని నాది. ఎవరికీ పట్టదు గానీ అసలు కారణం అదే. తల బరువే అయిదు కిలోల దాకా ఉంటుంది, 60 డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోలు పడుతుందట. ఏ పతీ అక్కర్లేదు, మెషిన్ బల్ల ఎత్తు పెంచాక నాకు సగం తగ్గింది.

నిజంచెప్తా
ఆ 27 కిలోలు 2014లో కంప్యూటర్ మోడల్‌తో కట్టిన లెక్కమ్మా, మనిషి మెడలో కొలిచింది కాదు. బల్ల ఎత్తు మాట మాత్రం ఒప్పుకుంటాను.

కుట్టుపని
లెక్కో కొలతో, సాయంత్రానికి సలిపేది నా మెడ కదా బాబూ.

గుమస్తా
ఇంతకీ ఈ ఆస్టియోపతీ వాళ్లు డాక్టర్లేనా? ఇదీ కైరోప్రాక్టిక్కూ ఒకటేగా, వీడియోల్లో తువ్వాలు వేసి లాగుతారే...

పాతనొప్పి
ఒకటి కాదు. ఆస్టియోపతీ మొదలుపెట్టింది ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా డాక్టరు, 1874లో. మెనింజైటిస్‌కి, అంటే మెదడు పొరల వాపుకి, తన పిల్లలే పోతే అప్పటి మందుల మీద నమ్మకం పోయింది ఆయనకి. 1892లో అమెరికాలోని కిర్క్స్‌విల్ అనే ఊళ్లో దానికి బడి పెట్టాడు. కైరోప్రాక్టిక్, అదే వెన్నుపూసలు విరిచే పద్ధతి, 1895లో పామర్ అనే ఇంకొకాయన మొదలుపెట్టింది. అమెరికాలో ఆస్టియోపతీ చదివినవాళ్లు పూర్తి డాక్టర్లు, మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. బ్రిటన్‌లో చేతులతో చేసే వైద్యమే, కానీ 1993 చట్టం ప్రకారం రిజిస్టర్ అయితేనే ఆ పేరు పెట్టుకోవాలి. కొన్ని దేశాల్లో ఏ అదుపూ లేదు, వారాంతం కోర్సు చేసినవాడూ బోర్డు కట్టేస్తాడు. వెళ్లేముందు ఎక్కడ, ఎన్నేళ్లు చదివారో మొహమాటం లేకుండా అడగండి.

హస్తవాసి
నా గురించే అంటున్నారని తెలుస్తూనే ఉంది. సర్టిఫికెట్ గోడకి ఉంటుంది, విద్య చేతిలో ఉంటుంది.

రాత్రిడ్యూటీ
అయ్యా, ఆ చేతిలో విద్యే నన్ను రెండు రోజులు తిప్పింది. తర్వాత మా డాక్టరు చెప్పాడు, మెదడుకి వెళ్లే రక్తనాళాలు రెండు మెడ పూసల పక్కనున్న రంధ్రాల్లోంచే పైకెళ్తాయని. తలని విసురుగా తిప్పితే, ఎక్కడో ఒకరికి అయినా సరే, ఆ రక్తనాళం గోడ లోపల చిరగొచ్చట. అదే పక్షవాతానికి దారి తీయొచ్చట. నాకు అంత కాలేదు, అదృష్టం.

హస్తవాసి
22 ఏళ్లలో నా చేతిలో ఒక్కరికీ అలా కాలేదు.

రాత్రిడ్యూటీ
అయినవాళ్లు మీ దగ్గరికి ఎందుకొస్తారండీ? ఆస్పత్రికి పోతారు. మీకెలా తెలుస్తుంది?

మూడోకన్ను
పోట్లాట మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మొదటి పోస్టు ఎవరైనా పూర్తిగా చదివారా? బొటనవేలి దాకా చీమలు పాకుతున్నాయని రాశారు. చెయ్యి నెత్తిన పెట్టుకుంటే హాయిగా ఉందన్నారు. అది నవ్వాల్సిన విషయం కాదు, నరం మూలం, అంటే వెన్నులోంచి నరం బయటికొచ్చే చోటు, నలిగినప్పుడు కనిపించే గుర్తు. చెయ్యి పైకెత్తితే నరం మీద లాగుడు తగ్గుతుంది. మెడలో పూసలు ఏడే గానీ నరాలు ఎనిమిది జతలు, బొటనవేలి వైపు వచ్చేది ఆరోది. నాకు మధ్యవేలు తిమ్మిరెక్కేది, ఏడోది. నేనూ కండరాల నొప్పే అనుకుని ఆర్నెల్లు కాపడాలు పెట్టుకుంటూ కూర్చున్నాను.

మెడలోముల్లు గారూ, ముందు డాక్టరుకి చూపించండి. చేతిలో వస్తువులు జారిపోతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నా, నడక తూలుతున్నా, మూత్రం అదుపు తప్పుతున్నా రేపటిదాకా కూడా ఆగకండి. ఎవరి దగ్గరికి వెళ్లినా మెడ మాత్రం విరవనీయకండి.

హస్తవాసి
ఇలా భయపెట్టే జనాన్ని ఆపరేషన్ బల్ల ఎక్కిస్తున్నారు.

చిన్నమ్మిగారబ్బాయి
పెద్దమ్మకి ఆ డాక్టరు సంగతి చెప్పాను. "ఒక్కడి చేతులు చూసి చెబుతావా" అంది. దానికేం చెప్పాలి?

నిజంచెప్తా
ఆవిడ చెప్పిందే రైటు.

మెడలోముల్లు
నెల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. మూడోకన్ను గారి పోస్టు చూసేలోపే ఆస్టియోపతీ అపాయింట్‌మెంట్ అయిపోయింది. ఆయన తల వెనక్కీ పక్కకీ వంచి పైనుంచి మెల్లగా అదిమాడు, బొటనవేలికి కరెంటు కొట్టినట్టు అయింది. మణికట్టు పైకి ఎత్తమని తన చేత్తో ఆపి చూశాడు, కుడిది ఎడమదానికంటే బలహీనం. ఇక బల్ల మీద పడుకోమననే లేదు. "ఈరోజు నేనేం చెయ్యను, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి" అని ఉత్తరం రాసిచ్చాడు. ఫీజు తీసుకుని చేసిందేమిటని అప్పుడు కోపమొచ్చింది, నిజం చెప్తున్నాను.

ఎమ్మారైలో అయిదు, ఆరు పూసల మధ్య మెత్తటి దిండులాంటి డిస్క్ నరాన్ని నొక్కుతోందని తేలింది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే వారాల్లో, నెలల్లో తగ్గుతుంది, బలం ఇంకా తగ్గితే మాత్రం వెంటనే రమ్మన్నారు. డాక్టరు ఒప్పుకున్నాకే మళ్లీ ఆస్టియోపతీకి వెళ్లాను. మూడుసార్లు అయింది. విరవడం లేదు, మెడ కింది కండరాలు వదులు చేయడం, తలని చేతుల్లో పట్టుకుని కొంచెం కొంచెం లాగి ఉంచడం, అంతే. గడ్డం లోపలికి లాక్కునే వ్యాయామం ఇంట్లో చేస్తున్నాను. చీమలు తగ్గాయి. కారు అద్దాల సాయంతో వెనక్కి తీస్తున్నాను. ఆస్టియోపతీ ఆయన చేతుల వల్ల తగ్గిందా, రోజులు గడిచి తగ్గిందా అంటే చెప్పలేను.

హస్తవాసి
నా దగ్గరికి మొదటిరోజే వచ్చుంటే రెండు సిట్టింగుల్లో అయిపోయేది.

రాత్రిడ్యూటీ
ఏది అయిపోయేదో చెప్పలేదు.

మెడలోముల్లు
దయచేసి మళ్లీ మొదలుపెట్టకండి. తలగడ సంగతి మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

కుట్టుపని
పక్కకి తిరిగి పడుకుంటే చెవికీ భుజానికీ మధ్య ఖాళీ నిండేంత. వెల్లకిలా అయితే అంతకంటే పల్చగా. బోర్లా మాత్రం వద్దు, రాత్రంతా మెడ ఒక పక్కకే తిరిగి ఉంటుంది.

గుమస్తా
బోర్లా పడుకోకపోతే నాకు నిద్రే రాదు. నలభై ఏళ్లుగా ఏమీ కాలేదు మరి?

నిజంచెప్తా
హస్తవాసి గారి 22 ఏళ్ల లెక్కే మీదీనూ.