టేబుల్ టెన్నిస్‌లో పొట్టి సర్వీస్ తీయలేకపోతున్నా, బ్యాట్ రబ్బరు మార్చాలా?

అడిగినవారు (నల్లగండ్ల):
అందరికీ నమస్తే. నాకు 41 ఏళ్లు. కాలేజీలో వదిలేసిన టీటీ, మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో టేబుల్ వేశాక మళ్లీ మొదలుపెట్టాను. ర్యాలీ పడితే ఎవరితోనైనా నెట్టుకొస్తాను. కానీ రైల్వేలో రిటైరైన అంకుల్ ఒకాయన ఉన్నారు, ఆయన సర్వీస్ మాత్రం తీయలేను. ఫోర్‌హ్యాండ్ వైపు పొట్టిగా వేస్తే నెట్‌కి కొడతా, లేదంటే గాల్లోకి లేపుతా. సరే కదా అని ముందుకు వంగి నిలబడితే బ్యాక్‌హ్యాండ్ మూలకు పొడుగ్గా వేసి నవ్వుతారు. నిన్న 11-3. రబ్బరు మార్చాలా?

జవాబు (నారాయణగూడ):
రబ్బరు జోలికి పోకండి, డబ్బు దండగ. మీ గొడవంతా కాళ్లలో ఉంది. నెట్ నుంచి మీ అంచుకి 137 సెంటీమీటర్లు. నెట్ దగ్గర పడిన బంతికి నడుము వంచి చెయ్యి చాచారంటే బ్యాట్ ఎటు తిరుగుతుందో మీ అదుపులో ఉండదు. కుడిచేతి వాటమైతే కుడికాలు టేబుల్ కిందకి, బంతి వైపు వెళ్లాలి. వంగాల్సింది మోకాలు. బ్యాట్‌కి బంతి తగిలేసరికి పాదం నేల మీద ఆని ఉండాలి. తగిలిన వెంటనే అదే కాలితో నేలను తన్ని వెనక్కి రావాలి. లోపలికి వెళ్లడం నేర్చుకుని బయటికి రావడం మర్చిపోయేవాళ్లే ఎక్కువ. అలా ఇరుక్కున్నవాళ్లకి తర్వాతి బంతి బ్యాక్‌హ్యాండ్ మూలకే వస్తుంది.

ముందే ఒక వైపు మొగ్గకండి. అంచుకి చేతి దూరంలో, మడమలు తేలిగ్గా పెట్టి నిలబడి, ఆయన బ్యాట్ బంతిని తాకే క్షణంలో చిన్నగా గెంతితే ఎటైనా కదలొచ్చు. ఇంతకీ ఏ బూట్లతో ఆడుతున్నారు?

అడిగినవారు:
చెప్పులతో :) స్పిన్ కూడా తెలియట్లేదండీ.

జవాబు (మల్కాజిగిరి):
చెప్పులా! ముందు బూట్లు కొనుక్కో అన్నా, మడమ మెలిపడుతది. ఇగ స్పిన్ సంగతి. బంతి పైకి లేస్తుంటే చూస్కుంట నిలబడకు, బ్యాట్ తగిలే చోటు చూడు. బ్యాట్ బంతి కింద గీరితే కట్ (వెనక్కి తిరిగే స్పిన్), మీదికి పోతే టాప్ (ముందుకు తిరిగే స్పిన్). కట్‌కి బ్యాట్ ముఖం కొంచెం పైకి తెరిచి ముందుకు పుష్ చెయ్, టాప్‌కి కిందికి మూసి పట్టు. సైడ్ స్పిన్‌కి ఒకటే గుర్తు: ఆయన బ్యాట్ ఎక్కణ్నుంచి బయల్దేరిందో అటు కొట్టు. కుడిచేత్తో పెండ్యులం సర్వీస్ (గడియారం లోలకం లెక్క బ్యాట్ ఊపేది) వేస్తే బ్యాట్ ఆయన కుడి నుంచి ఎడమకు పోతది. నీ బ్యాట్‌కి తగలంగనే బంతి నీ కుడికి ఉరుకుతది. అందుకే నీ ఎడమకు, అంటే ఆయన ఫోర్‌హ్యాండ్ వైపు గురి పెట్టు. ముదుర్లు అదే ఊపుతో స్పిన్ లేని బంతి కూడా వేస్తరు, దాన్ని కట్ అనుకుని పుష్ చేస్తే గాల్లోకి లేస్తది. నీకు లేసేవి సగం అవే అయ్యుంటయ్.

అడిగినవారు:
ఆయన ఎడమ చెయ్యి అడ్డం పెట్టి వేస్తారు. అది తప్పు కాదా?

జవాబు (నారాయణగూడ):
తప్పే. 2002 నుంచి సర్వీస్‌లో బంతిని దాచకూడదు. అరచేతి నుంచి కనీసం 16 సెంటీమీటర్లు పైకి కూడా వేయాలి. టోర్నమెంట్‌లో అయితే అంపైర్ చూసుకుంటాడు. క్లబ్‌హౌస్‌లో పెద్దాయనతో రూల్సు మాట్లాడితే మర్నాడు ఆడటానికి మనిషి ఉండడు, మీ ఇష్టం.

సాధనకి ఒక తోడు చూసుకోండి. ఫోర్‌హ్యాండ్‌కి పొట్టిది, బ్యాక్‌హ్యాండ్‌కి పొడుగుది, చెప్పకుండా కలిపి వేయమనండి. పొట్టిదాన్ని తిరిగి పొట్టిగా నెట్ దగ్గరే వదలడం ముందు రానివ్వండి, ఫ్లిక్ (మణికట్టుతో విదిలించి కొట్టడం) తర్వాత చూద్దాం. మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సింగిల్స్ ప్రీక్వార్టర్స్ దాకా వెళ్లింది. ఆమె మ్యాచ్ దొరికితే ఒక గేమ్ అంతా బంతిని వదిలేసి కాళ్లే చూడండి.

అడిగినవారు (రెండు వారాల తర్వాత):
బూట్లు కొన్నా. నిన్న 11-8, ఓడిపోయా. "ఏంటి, కాలు లేస్తోందే" అన్నారు అంకుల్. ఇప్పుడు నా వైపు రెండో టప్పా సరిగ్గా అంచు దగ్గర పడేలా వేస్తున్నారు. లోపలికి వెళ్లాలా, ఆగాలా?

జవాబు (మల్కాజిగిరి):
ఆగు అన్నా. రెండో టప్పా బల్ల దాటుతదనిపిస్తే లూప్ (గట్టి టాప్ స్పిన్ షాట్) కొట్టు. అనుమానముంటే కాలు లోపలికేసి పుష్ చెయ్.